టీచరమ్మ చెప్పిన తప్పు అర్థం

యోతా అనే చిక్కుడు గింజల సూపు గిన్నెలోంచి ఇంకా ఆవిర్లు లేస్తున్నాయి. ద్రాగో చేతిలోంచి చెంచా జారి అందులో పడింది.

తుపాకీ చప్పుడు సోడాసీసా గోళీ నొక్కినంత కూడా వినపడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ. బఫే కౌంటర్ దగ్గర ఉడికిన పంది మాంసం కోసం రేవు కూలీలు కేకలు వేస్తున్నారు. ద్రాగో వెనక, కోట్లు తగిలించే స్టాండు పక్కన నిలబడ్డ రెయిన్‌కోటు మనిషి తన టోపీ తీసి తలమీద పెట్టుకుని, తలుపు తోసుకుని తాపీగా బయటికి నడిచాడు.

అప్పటికిగాని ఎదురుగా కూర్చున్న ఏజెంట్ లివియో గ్రెగోరికి జరిగిందేమిటో తెలియలేదు.

టేబుల్ పక్కకి తోసి ద్రాగోని పట్టుకున్నాడు. ట్రామ్ డ్రైవర్ యూనిఫాం వీపున తడిసిపోయి ఉంది. చలికాలమంతా లివియోకి సమాచారం మోసిన మనిషి ద్రాగో. ఎప్పుడూ ఇటాలియన్‌లోనే మాట్లాడేవాడు, ఆ ఊరి అచ్చమైన త్రియెస్తే యాసలో, బూతులతో సహా. ఇప్పుడు ఆ ఇటాలియన్ అంతా ఎటు పోయిందో, నోటి వెంట స్లోవీన్ తప్ప మరో భాష రావడం లేదు.

"ఇటాలియన్‌లో చెప్పు ద్రాగో. నాకు అర్థం కావట్లేదు. ఎవరు వాళ్లు? ఎక్కడ?"

ద్రాగో అతని కాలర్ పట్టుకుని ముఖం దగ్గరికి లాక్కున్నాడు. చెప్పాల్సిందంతా చెప్పాడు. ఓపిగ్గా, కొత్తవాడికి దారి చెప్పినట్టు చెప్పాడు. చెప్పాక, అర్థమైందా అన్నట్టు చూశాడు. లివియో తల ఊపాడు. పోతున్న మనిషి ముందు ఇంకేం చేస్తాడు.

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇలా జరగడం అతనికి రెండోసారి. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఫిబ్రవరి చలిలో, ఆస్పత్రి మంచం మీద అమ్మ మిల్కా కూడా ఇలాగే పోయింది. ఇరవై ఏళ్లకి పైగా ఇంట్లో ఇటాలియన్ మాట్లాడిన అమ్మ చివరి రోజున ఆ భాష పూర్తిగా మర్చిపోయింది. కొడుకు ముఖంలోకి చూసి ఒకే మాట మళ్లీ మళ్లీ అడిగింది. లివియో అప్పుడూ తల ఊపాడు. ఆ శబ్దం మాత్రం చెవిలో ఉండిపోయింది, అర్థం లేకుండా.

* * *

వాళ్ల సంస్థకి బయట పేరు లేదు. లోపలివాళ్లు ఆఫీసు అనేవాళ్లు. పాతరేవులో ఒక కాఫీ గోడౌన్ పై అంతస్తులో ఉండేది. అక్కడ పనిచేసే గూఢచారులందరి కోట్లూ వేయించిన కాఫీ గింజల వాసన కొట్టేవి. రహస్యం దాచడానికి అదేమంత మంచి ఏర్పాటు కాదని అందరికీ తెలుసు.

చీఫ్ డాక్టర్ బెర్తోలిన్ దేనికి డాక్టరో ఎవరికీ తెలియదు. ఆ ఊళ్లో టై కట్టుకున్నవాడల్లా డాక్టరే.

"మీ అమ్మది పైన కార్స్త్ కొండమీది పల్లె కదా?" అన్నాడు.

"అవును డాక్టరు గారూ."

"స్లోవీన్ మనిషే కదా?"

"అవును."

"మరి నీకా భాష రాకపోవడమేమిటయ్యా?"

"మా బళ్లో ఆ భాషలో ఒక్క మాట దొర్లితే మాస్టారు నోట్లో సుద్దముక్క పెట్టి, బడి వదిలేదాకా గోడవైపు తిప్పి నిలబెట్టేవాడు. నాకు మొదటివారంలోనే బుద్ధొచ్చింది. బళ్లో మానేశాను. తర్వాత ఇంట్లోనూ మానేశాను. అమ్మ వచ్చీరాని ఇటాలియన్‌లో నాతో మాట్లాడేది. నేను నవ్వేవాణ్ణి."

"మీ నాన్న?"

"నాన్న మా ఇంటిపేరు చివర ఉన్న 'చ్' కోసేసి పోస్టాఫీసులో ఉద్యోగం తెచ్చుకున్నాడు. గ్రెగోరిచ్ కాస్తా గ్రెగోరి అయింది."

చీఫ్ నవ్వలేదు. "ద్రాగో చెప్పిందాంట్లో ఏమైనా గుర్తుందా?"

"రెండు మాటలు. ఒకటి ఉచితేల్యిత్సా. నిఘంటువులో వెతికాను. లేడీ టీచర్ అని అర్థం. రెండోది పొదోద్రోమ్. అది దొరకలేదు. ఏదో ఊరి పేరనుకుంటాను."

ఇద్దరూ గోడమీది మ్యాప్ ముందు నిలబడి భూతద్దంతో వెతికారు. పొదోద్రోమ్ అనే ఊరు కొండమీద లేదు, సముద్రం ఒడ్డున లేదు, సరిహద్దు అవతలా లేదు.

"మన ఇంటర్‌ప్రెటర్లని అడగొచ్చు కదా?"

"ద్రాగో మన మనిషని తెలిసినవాళ్లు నలుగురు," అన్నాడు చీఫ్. "నువ్వు, నేను, ఆ ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు. నేను కాల్చలేదు. నువ్వు సూపు తాగుతున్నావు. ఆ భాష వచ్చినవాణ్ణి నేను నమ్మలేను. నమ్మదగిన నీకేమో ఆ భాష రాదు. కాబట్టి నేర్చుకో. ఇదే నీ మిషన్."

తర్వాత వివరాలు చెప్పాడు. త్రియెస్తే ఊరు మాదంటే మాదని రెండు దేశాలు కొట్టుకుంటున్నాయి. మధ్యలో ఇంగ్లీషు, అమెరికన్ సైనికులు కావలి కాస్తున్నారు. ఈ పరిస్థితిలో కొండమీద జాగ్రిచ్ అనే పల్లెలో ఒక బడి తెరుస్తున్నారు. ఇటాలియన్, స్లోవీన్ పిల్లలు ఒకే గదిలో రెండు భాషల్లోనూ చదువుకునే బడి. మే నెలలో ఒక ఆదివారం ప్రారంభోత్సవం. రెండు వైపుల పెద్దలూ మొదటిసారి ఒకే వేదిక ఎక్కుతారు. అక్కడ బాంబు పేల్చి, నేరం ఒక భాషవాళ్ల మీద పడేలా కరపత్రాలు వదలాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. ముఠాకి డబ్బిచ్చేదెవరో తెలియదు. స్విస్ పాస్‌పోర్టులతో తిరుగుతారు. ఊరు తగలబడితే లాభపడేవాళ్లు ఎక్కడో దూరంగా ఉన్నారు.

"టీచర్ అన్నాడు కదా ద్రాగో. ఆ పిల్లల కోరస్ నేర్పేది ఒక టీచరమ్మ. వీదా కొత్స్యాన్. సాయంత్రాలు సాన్ జాకొమో పేటలో పెద్దవాళ్లకి స్లోవీన్ పాఠాలు చెప్తుంది."

"ఆమె మీద నిఘా పెట్టాలా?"

"పెట్టాలి. చిక్కేమిటంటే ఆమె మన ఏజెంటే. రెండేళ్లుగా. కోడ్ పేరు గోరింక. ఇంకెవరికైనా కూడా గోరింకేనా అన్నది నువ్వు చూడు. నువ్వెవరో ఆమెకి చెప్పం."

* * *

ఉదినె నగరం నుంచి వచ్చిన కలప వ్యాపారి సిల్వానో పెరిని పేరుతో లివియో, పల్చటి మీసం, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, చంకలో సరిపడని సూటుతో క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాడు. సూటు సరిపడకపోవడానికి కారణం చంక కింద కట్టుకున్న చిన్న యంత్రం. సన్నటి తీగ మీద మాటలు రికార్డు చేస్తుంది. మైక్రోఫోన్ చేతి గడియారంలో ఉంది.

వీదా కొత్స్యాన్ గదిలోకి రాగానే పదిమంది మగవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. శనివారాలు హోటల్ బాల్‌రూమ్‌లో ఇంగ్లీషు మేజర్లకి పాటలు పాడే గొంతు అది. ఆ గొంతుతోనే వారానికి రెండు సాయంత్రాలు క్రియలు, విభక్తులు చెప్పేది. ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్, ఎర్రటి గోళ్లు, బోర్డు మీద సుద్దముక్క. సుద్దముక్క చూడగానే లివియో నోరు ఎండిపోయింది.

"పెరిని గారూ, మీకు ఈ భాష ఎందుకు?"

"కలప కొనడానికి టీచర్ గారూ. పైన కొండవాళ్లు ఇటాలియన్‌లో అడిగితే రేటు పెంచేస్తున్నారు."

అందరూ నవ్వారు, ముందు బెంచీలో కూర్చున్న ఒకాయన తప్ప. బ్రూనర్ అని, స్విస్ దంతవైద్యుడట. చదువుకి వచ్చినవాడిలా లేడు. పాఠం అంతా వచ్చినట్టే ఉండేవాడు. డిక్టేషన్ మాత్రం తు చ తప్పకుండా రాసుకునేవాడు. క్లాసు బయట అతను టీచర్‌తో ఒక్క మాట మాట్లాడగా లివియో చూడలేదు.

మొదట్లో లివియో మిషన్ కోసమే నేర్చుకున్నాడు. ఆ ముక్క తనకి తనే చెప్పుకున్నాడు. ఏప్రిల్ వచ్చేసరికి ట్రామ్‌లో, మార్కెట్‌లో చెవులు రిక్కించి తిరుగుతున్నాడు. రొట్టె, వాన, గుమ్మం, ఈ మాటలు కొత్తగా నేర్చుకుంటున్నట్టు లేదు. ఇంట్లోనే ఎక్కడో పెట్టి మర్చిపోయినవి దొరుకుతున్నట్టుంది. ఒకరోజు చేపల కొట్టు ఆవిడతో స్లోవీన్‌లో బేరమాడాడు. ఆవిడ అతని ముఖం చూసి ఇటాలియన్‌లో జవాబు చెప్పింది. ఆ పూట భోజనం సహించలేదు.

ఒక సాయంత్రం క్లాసు అయ్యాక వీదాయే కాఫీకి పిలిచింది.

"మా నాన్న స్లోవీన్. అమ్మ ఇస్త్రియా ప్రాంతపు ఇటాలియన్. నాన్నమ్మ ఫ్రియూలీ భాష మనిషి," అంది కప్పులో చక్కెర కలుపుతూ. "మా ఇంట్లో ప్రార్థన ఒక భాషలో, బేరం ఒక భాషలో, తిట్లు మూడింట్లోనూ."

"ఎవరైనా నువ్వెవరంటే ఏం చెప్తారు?"

"అడిగినవాడి చేతిలో ఏ జెండా ఉందో చూసి చెప్తాను. మీరో?"

"నేను ఉదినె వాణ్ణి. తాతల కాలం నుంచీ ఇటాలియన్లమే."

వీదా నవ్వింది. "ఉదినె వాళ్లకి 'హ' నోరు తిరగదు పెరిని గారూ. మీరు మొదటి రోజే చక్కగా పలికారు. ఆ 'హ' మీకు చిన్నప్పుడు ఎవరో నేర్పి ఉంటారు."

జవాబివ్వకపోవడమే గూఢచారి నియమం. ఆ నియమం ఎటో పోయి, లివియో నోరు తెరిచాడు.

"నాకు తెలిసినావిడ ఒకావిడ పోయేముందు ఒక మాట అడిగింది. చిగౌ సి. మళ్లీ మళ్లీ అదే. దానికి అర్థమేమిటి?"

వీదా చెంచా తిప్పడం ఆపలేదు. అతని కళ్లలోకి చూసింది. రెప్ప వేయలేదు.

"చలేస్తోందా, అని."

లివియో తల దించుకున్నాడు. ఫిబ్రవరి కదా. తను కోటు వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు కదా. ఆ స్థితిలోనూ అమ్మ కొడుక్కి చలేస్తోందేమోనని అడిగిందన్నమాట. ఆ సాయంత్రం బోరా గాలి వీధుల్లో టోపీలు ఎగరగొడుతుంటే కోటు బొత్తాలు విప్పుకుని ఇంటికి నడిచాడు.

వెళ్లేముందు వీదా ఒక మాట అంది. "మీ గడియారం ఎప్పుడు చూసినా నాలుగే చూపిస్తుంది. బాగు చేయించుకోండి."

ఆ మాటకైనా అతను మేలుకోవాల్సింది. కాని అతనికి ఆ రోజు ఆమె మీద అనుమానించే ఓపిక లేదు. ఆమె అమ్మని తిరిగి ఇచ్చింది.

* * *

ప్రారంభోత్సవానికి ముందు శుక్రవారం అతను కొండ ఎక్కే ట్రామ్‌లో కూర్చున్నాడు. ఎదురుగా ఆకుకూర బుట్టతో ఒక ముసలావిడ. కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడ్డ ఆరేళ్ల పిల్లాణ్ణి చూసి ఆవిడ వాత్సల్యంగా అడిగింది.

"చిగౌ సి?"

అమ్మ అడిగిన మాటే. పాపం పిల్లాడికి చలేస్తోందేమో అనుకుని లివియో కిటికీ మూయబోయాడు.

పిల్లాడు సిగ్గుపడుతూ చెప్పాడు. "పెచార్ వాళ్ల అబ్బాయిని."

ఆ జవాబు అతనికి అర్థమైంది. ఫలానావాళ్ల అబ్బాయి అని చెప్పే తోక ఇంటిపేరు చివర ఎలా చేరుతుందో వీదాయే నేర్పింది. ఇంకెవరినీ అడగక్కర్లేకపోయింది. ముసలావిడ అడిగింది చలి గురించి కాదు.

ఎవరబ్బాయివి నువ్వు. కొండమీద పల్లెల్లో ముక్కూముఖం తెలియని పిల్లలు ఎదురైతే పెద్దవాళ్లు అడిగేది అదే.

అమ్మ అతన్ని గుర్తుపట్టలేదు. పక్కన కూర్చుని తెలియని భాష మాట్లాడుతున్న ఈ అబ్బాయి ఎవరి పిల్లవాడో అని చివరిదాకా అడిగి అడిగి, జవాబు రాకుండానే పోయింది.

ట్రామ్ ఆఖరి స్టాపుకి చేరింది. అందరూ దిగారు. లివియో దిగలేదు. అదే ట్రామ్‌లో తిరిగి కిందికి వచ్చాడు. సముద్రం కనపడే మలుపు దగ్గర గాని అతనిలో గూఢచారి మళ్లీ నిద్ర లేవలేదు. వీదా జాలితో అబద్ధం చెప్పిందో, అలవాటు కొద్దీ చెప్పిందో తెలియదు. కాని రెప్ప వేయకుండా తప్పు అర్థం చెప్పగలదు. ఒక మాటకి చెప్పిన మనిషి ఇంకెన్ని మాటలకి చెప్పిందో.

గదికి వెళ్లి రికార్డు చేసిన తీగలన్నీ ముందేసుకున్నాడు. కిందటి క్లాసు డిక్టేషన్‌లో ఒక వాక్యం ఉంది. వీదా దాన్ని స్లోవీన్‌లో రెండుసార్లు చదివి, ఇటాలియన్‌లో అర్థం చెప్పింది. చివరి పాట దాకా అకార్డియన్ అటక మీద ఉంటుంది.

అటక అని ఆమె చెప్పిన మాట ఓదెర్. లివియో నిఘంటువు తెరిచాడు. ఓదెర్ అంటే అటక కాదు. వేదిక.

తీగని వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. వాక్యంలో ఆమె పలికింది ఉత్త ఓదెర్ కాదు. దాని ముందు 'పొద్' ఉంది, కింద అని. చివర విభక్తి మారింది. పొద్ ఓద్రోమ్. వేదిక కింద.

పొదోద్రోమ్. ద్రాగో ఊరి పేరు చెప్పలేదు. బాంబు ఎక్కడ పెట్టబోతున్నారో చెప్పాడు. వీదా చదివిన ఆ డిక్టేషన్ బ్రూనర్ కోసం. తనూ చీఫూ భూతద్దం పట్టుకుని మ్యాప్‌లో వెతికింది ఒక విభక్తి ప్రత్యయాన్ని.

* * *

"ఫంక్షన్ ఆపించండి," అన్నాడు లివియో.

"ఆపితే బ్రూనర్ జారిపోతాడు. వాడు బటన్ నొక్కుతుండగా పట్టుకోవాలి," అన్నాడు చీఫ్.

"పైన పిల్లలుంటారు డాక్టరు గారూ."

"అందుకే కింద నువ్వుంటావు."

ఆదివారం ఎండ కాసింది. జాగ్రిచ్ బడి ముందు కొత్త పలకలతో వేదిక, రెండు రంగుల కాగితపు తోరణాలు, రెండు భాషల్లో బోర్డు. ఒక ఇంగ్లీషు మేజర్, నగరం నుంచి వచ్చిన ఇటాలియన్ కౌన్సిలర్, పల్లె ఫాదిరి పక్కపక్కనే కూర్చుని ముగ్గురూ మూడు వైపులకి చూస్తున్నారు. వైన్ పీపాలు దొర్లించే పనివాడి ఏప్రన్‌లో, అతికించిన బుర్రమీసంతో లివియో వేదిక వెనక్కి చేరాడు. వీదా పిల్లల ముందు నిలబడి చేతులెత్తింది. నీలం గౌను. ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

కోరస్ మొదలైంది. లివియో పలకల కిందికి దూరాడు.

బ్యాండువాళ్ల పెట్టెల మధ్య అకార్డియన్ పెట్టె ఒకటి ఉంది. దాని అడుగు నుంచి నల్లటి వైరు గడ్డిలోంచి బడి వెనక రాతిగోడ దాకా పాకింది. గోడ అవతల బ్రూనర్ ఉంటాడు. చివరి పాట వినపడగానే నొక్కుతాడు. లివియో బూటు మడమ తిప్పి అందులో దాచిన చిన్న కట్టర్ తీశాడు. వైరు మీద ఉక్కు తొడుగు. మొదటి కొరుకుడికే కట్టర్ పళ్లు విరిగాయి.

ఇక మిగిలింది పెట్టె తెరిచి డిటోనేటర్ చేత్తో లాగడం.

పైన పాట అయిపోయింది. చప్పట్లు. చివరి పాటకి ముందుది అదే. లివియో పెట్టె తాళం మీద పిడికిలి పెట్టి గుద్దాడు. రాలేదు. ఇప్పుడు మొదలవుతుంది, అయిపోయింది అనుకున్నాడు.

పైన మొదలైంది చివరి పాట కాదు. ముందు పాడిందే మళ్లీ. ఈసారి ఇటాలియన్‌లో.

అయిపోగానే అదే పాట మళ్లీ స్లోవీన్‌లో. జనం నవ్వారు. ఆ తర్వాత మళ్లీ ఇటాలియన్‌లో. నవ్వులు ఆగిపోయి గుసగుసలు మొదలయ్యాయి. "ఇదేంటి, ఈవిడకి మతి పోయిందా," అన్నారెవరో. "వాళ్ల భాషలో ఎన్నిసార్లు, మన భాషలో ఎన్నిసార్లు, చూస్తున్నావా," అన్నారు ఇంకొకరు.

లివియోకి అర్థమైంది. ఆమె వేదిక దిగిపోలేదు. తన కాళ్ల కింద ఏముందో తెలిసి, పిల్లలతో ఆ ఒక్క పాటని సాగదీస్తోంది. బ్రూనర్ వేలు దిగకుండా పట్టుకుంది.

తాళం ఊడింది. మూత లేచింది. లోపల అకార్డియన్ తిత్తులు, వాటి మధ్య మైనపు కాగితంలో చుట్టిన ఇటుకల లాంటి మందు. అతను వైరు వెంట వేళ్లు పోనిచ్చాడు.

పైన పిల్లలకి విసుగొచ్చింది. టీచర్ చేయి మళ్లీ లేవకముందే, ముందు వరసలో ఒక చిన్నపిల్ల తనంతట తనే చివరి పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు అందుకున్నారు.

లివియో డిటోనేటర్ పట్టి లాగాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. పక్కకి విసిరాడు. విసిరే వేళ్ల దగ్గరే టప్పుమంది. పైన డోలు మోతలో ఎవరికీ వినపడలేదు.

పిల్లలు పాట చివరిదాకా పాడారు. ఒక చరణం ఆ భాషలో, ఒక చరణం ఈ భాషలో. లివియో పలకల సందుల్లోంచి చిన్న చిన్న బూట్లు చూస్తూ, మాడిన చేతిని ఏప్రన్‌లో చుట్టుకుని పడుకున్నాడు.

* * *

గోడ వెనక బ్రూనర్ చీఫ్ మనుషులకి దొరికాడు. జనమంతా వైన్ దగ్గరికి వెళ్లాక వీదా వేదిక వెనక్కి వచ్చింది.

"దొరికిందా?" అంది.

"దొరికింది. పెట్టింది మీరేనా?"

"నేనే. చివరి పాటకి ముందు తలనొప్పని చెప్పి దిగిపొమ్మన్నారు. కాళ్లు కదల్లేదు."

"నాకు తప్పు అర్థం ఎందుకు చెప్పారు?"

"ఏ మాటకి?"

"రెండిటికీ."

వీదా అతని చేతికేసి చూసింది. ఆకుపచ్చ స్కార్ఫ్ విప్పి కట్టు కట్టింది. "ఓదెర్‌కి మా తమ్ముడి కోసం. మిరాన్ సరిహద్దు అవతల జైల్లో ఉన్నాడు. బ్రూనర్ వాళ్లు చెప్పిన పని నేను చేయకపోతే వాణ్ణి బతకనివ్వరు. రెండోదానికి మీ కోసం."

చీఫ్ మనుషులు వచ్చి ఆమెని కారెక్కించారు.

మర్నాడు ఊళ్లో పత్రికలు ఆ పాట గురించే రాశాయి. బాంబు సంగతి ఆఫీసు బయటికి పొక్కనివ్వలేదు. ఆ పాట స్లోవీన్‌లో ఎక్కువసార్లు పాడించి అవమానించారని ఒక పత్రిక రాసింది. ఇటాలియన్‌లో ఎక్కువసార్లు పాడించి అవమానించారని రెండోది రాసింది. కౌన్సిలర్ క్షమాపణ అడగమన్నాడు. ఫాదిరి కూడా అడగమన్నాడు. వారం తిరక్కుండా తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించడం మొదలుపెట్టారు. రెండు భాషల బోర్డు మీద ఒకరు తారు పూశారు. ఏ సగం మీద పూశారన్నదాని మీద ఇంకో గొడవ. నెల తిరిగేసరికి బడికి తాళం పడింది. పేలని బాంబు చేయాల్సిన పని ఒక పాట చేసిపెట్టింది.

ఆ ఆదివారం తర్వాత మూడోనాడే లివియో చేతికట్టుతో చీఫ్ ముందు నిలబడ్డాడు. "ఆమె తమ్ముణ్ణి విడిపించే దారి చూడాలి డాక్టరు గారూ. మన పిల్లల్ని కాపాడింది."

"ఏ తమ్ముడు, మిరానా?" చీఫ్ కాఫీ తాగుతున్నాడు. "వాడు పోయి చాలాకాలమైంది. కిందటేడు ఆకులు రాలే రోజుల్లో. జైల్లోనే, న్యుమోనియా."

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆమెకి చెప్పలేదేం?"

"నీ తమ్ముణ్ణి విడిపిస్తామని చెప్పే కదయ్యా రెండేళ్లు మనమూ పని చేయించుకుంది. వాళ్లూ అదే చెప్పారు. ఇద్దరికీ ఆ కుర్రాడు బతికుండటమే లాభం."

"ఇప్పుడామెని ఏం చేస్తారు?"

"ఇక్కడ కోర్టుకి పెడితే మన పేరు బయటపడుతుంది. పుట్టిన ఊరు సరిహద్దు అవతల. పాస్‌పోర్టు చెల్లదని చెప్పి అటు పంపేద్దాం."

"అటు వెళ్తే మన గూఢచారి అని లోపలేస్తారు."

"వేస్తారు."

"బ్రూనర్?"

"స్విస్ పౌరుడు. నిన్న రైలెక్కాడు. వాళ్ల రాయబారి ఫోన్ చేశాడు."

* * *

సరిహద్దు గేటు కొండమీద, పైన్ చెట్ల మధ్య. ఇవతల ఇంగ్లీషు సైనికులు, అవతల ఎర్ర నక్షత్రం టోపీలు. చీఫ్ కారు దిగలేదు. వీదాని గేటు దాకా నడిపించే పని లివియోకి పడింది.

"తమ్ముడి సంగతి ఎత్తకు," అన్నాడు చీఫ్. "అటు వెళ్లాక నోరు విప్పితే మనకే నష్టం. ఆశ ఉన్న మనిషి నోరు కట్టుకుని ఉంటుంది."

చిన్న పెట్టె ఒకటి పట్టుకుని వీదా అతని పక్కన నడిచింది. పట్టు స్కార్ఫ్ లేదు. గోళ్ల రంగు చెదిరిపోయింది. గాలికి జుట్టు ముఖాన పడుతుంటే తోసుకుంటోంది.

"మిరాన్‌ని చూడనిస్తారేమో కనుక్కుంటాను," అంది. "అటు వెళ్లడంలో అదొక్కటే మేలు."

లివియో ఆగాడు. పొద్దుటి నుంచీ ఆ వాక్యం లోపల కూడబలుక్కుంటున్నాడు. ఇటాలియన్‌లో చెబితే ఈజీ. కాని ఇటాలియన్‌లో చెప్పాలనిపించలేదు. పోయినవాడు ఆమెతో ఏ భాషలో మాట్లాడేవాడో ఆ భాషలోనే చెప్పాలనిపించింది. మొదటిసారి ఆమెతో పాఠంలో లేని మాట స్లోవీన్‌లో అన్నాడు.

"మీ తమ్ముడు చనిపోయింది."

"చనిపోయాడు," అంది వీదా. "తమ్ముడు కదా. చనిపోయాడు అనాలి."

అలవాటు కొద్దీ నోటి నుంచి వచ్చేసింది. దిద్దాక గాని మాట లోపలికి దిగలేదు. పెట్టె కింద పెట్టింది. అవతలి వైపు సైనికుడు గేటు ఎత్తి పట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

గేటుకేసి చూస్తూ అడిగింది. "ఎప్పుడు?"

"కిందటేడు. ఆకులు రాలే రోజుల్లో."

ఈ వాక్యంలో తప్పులేమీ లేవు. ఆమె తల ఊపింది. పెట్టె తీసుకుంది. గేటు దాటి నడిచింది. అవతల ఒక అధికారి ఏదో అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. గాలి ఎదురు కొడుతోంది, ఏ భాషలో చెప్పిందో లివియోకి వినపడలేదు.

కారెక్కాక చీఫ్ అతన్ని కొరకొరా చూశాడు.

"ఏమిటంతసేపు మాట్లాడుకున్నారు?"

"ఏం లేదు డాక్టరు గారూ. నాకింకా వ్యాకరణం సరిగ్గా రాదు. ఒక తప్పు దిద్దింది."

"మంచి టీచరే," అన్నాడు చీఫ్ గేరు మారుస్తూ. "అలాంటివాళ్లు మళ్లీ దొరకడం కష్టం."